మేకు వెనక ఆరు కిలోలు

అమ్మ ఎడమ పాదం కాటా మీద పెట్టి నిలబడితే, నేను దాని ముందు నేల మీద కూర్చుని ముల్లు చదివేదాన్ని. ఆ సెలవుల్లో ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి మా ఇద్దరికీ అదే పని. అమ్మ చంకల కింద రెండు కర్రలు, ఒళ్లంతా కుడికాలి మీద. ఎడమకాలి మీద మాత్రం ఆసుపత్రి వాళ్లు చెప్పినంత బరువే మోపాలి.

"ఎంతయింది?"

"పదమూడు... పద్నాలుగు... పదిహేను. చాలమ్మా, చాలు."

"వినపడేట్టు చెప్పవే. నీ గొంతు కాటాకెక్కిస్తే పావుకిలో కూడా తూగదు."

ఇంట్లో నన్ను అందరూ చీమ అంటారు. నాయనమ్మ పెట్టిన పేరు. వచ్చినా తెలియదు, పోయినా తెలియదు అని. బళ్లో హాజరు పలికేటప్పుడు కూడా నా గొంతు వినపడక పక్కమ్మాయి నా బదులు పలికేది. అలాంటి నాకు ఆ ముల్లు చదివి పైకి చెప్పే పని ఇచ్చారు.

మా ఇంటి ముందుగదే నాన్న పాత ఇనుము దుకాణం. అంతకు రెండు నెలల ముందు అటక మీదున్న పాత కిటికీ ఊచలు దింపడానికి అమ్మ నిచ్చెనెక్కింది. కింద నాన్న పట్టుకున్నాడు. ఫోన్ మోగితే ఒక చెయ్యి తీసి జేబులో పెట్టాడు. అంతే, నిచ్చెన జారింది. అమ్మ నిలువునా ఎడమకాలి మీదికి వచ్చి పడింది.

ఎముకల డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. తొడ ఎముక రోకలిలా వచ్చి మోకాలి కింది ఎముక తలను గుద్దింది. గచ్చులో ఒక బండ కుంగినట్టు ఆ తలలో ఒక ముక్క లోపలికి కుంగిపోయింది. దాన్ని పైకి లేపి, కింద ఎముక పొడి కూరి, పక్కన ఒక రేకు పెట్టి ఆరు స్క్రూలు బిగించారు.

"ఈ ముక్క పైన మెత్తటి గుజ్జు ఉంటుంది," అన్నారాయన. "ముక్క మళ్లీ కుంగిందా, ఆ గుజ్జు ఎగుడుదిగుడు అవుతుంది. ఇక అడుగేసిన ప్రతిసారీ రాపిడే. రెండోసారి లేపడం నా వల్ల కాదు, ముందే చెబుతున్నాను."

ఆ మాట విన్నప్పటినుంచి నాన్న ఇంట్లో మాట్లాడడం మానేశాడు. అన్నం పెడితే తినేవాడు. పిలిస్తే వచ్చేవాడు. అమ్మ వైపు మాత్రం చూసేవాడు కాదు.

ఆరు వారాలు అమ్మ పాదం నేలకి తగలనివ్వలేదు. ఆ తర్వాత వ్యాయామాలు చేయించే ఫిజియో మేడమ్ మాకు ఒక కాగితం ఇచ్చింది. మొదటి వారం పది కిలోలు, రెండో వారం పదిహేను, మూడో వారం ఇరవై, నాలుగో వారం ఇరవై అయిదు. దాంతోపాటు రోజుకు మూడుసార్లు మోకాలు వంచాలి.

"ఎందుకమ్మా ఈ కొలతలన్నీ?" అంది అమ్మ. "పూర్తిగా నయమయ్యాక ఒకేసారి నడుస్తాను."

"నయం కావాలంటేనే బరువు పడాలండీ," అంది ఫిజియో మేడమ్. "బరువు మోయని ఎముకని ఒళ్లు పట్టించుకోదు. ఇది ఎటూ పని చెయ్యట్లేదు కదా అని అందులోని గట్టిదనం లాగేసుకుంటుంది. ఇక గుజ్జుకైతే రక్తనాళాలే ఉండవు. తడి స్పాంజి లాంటిది. నొక్కితే లోపలి నీరు బయటికి పోతుంది, వదిలితే కొత్త నీరు పీల్చుకుంటుంది. దానికి తిండి అలాగే అందుతుంది."

"మరి ఎక్కువ మోపితే?"

"ముక్క కుంగుతుంది. అందుకే కొలత." ఆమె ఒక నోటుపుస్తకం నా చేతికిచ్చింది. "రోజూ ఎంత మోపిందో ఇందులో రాయి. నీ మీదే వదిలేస్తున్నాను."

నేను తల ఊపాను. ఆ రోజు నుంచి నాకు నిద్రలో కూడా ముల్లే కనపడేది.

కాటా నాన్న తెచ్చాడు. దుకాణంలోదే. గుండ్రటి ముఖం, ఎర్ర ముల్లు, కింద ఇనప పీట. కిరసనాయిలుతో రుద్ది రుద్ది కడిగాడు. అమ్మ పాదం జారకుండా పీట మీద గరుకు గుడ్డ అతికించాడు. అమ్మ పడ్డాక నాన్న తనంతట తాను చేసిన మొదటి పని అదే. "దీన్ని మించిన కాటా ఈ చుట్టుపక్కల లేదు," అన్నాడు గోడ వైపు చూస్తూ.

మొదటి వారం గడిచింది. రెండో వారం గడిచింది. మూడో వారం మధ్యలో ఒకరోజు ఇరవై దగ్గర అమ్మ పళ్లు బిగపట్టింది.

"లోపల ఏదో కలుక్కుమందే."

"ఎక్కడ?"

"ఎక్కడంటే ఏం చెప్పను? లోపల. మొదట్లో ఇలా లేదు."

కొంచెం నొప్పి మామూలేనని ఫిజియో మేడమ్ ముందే చెప్పింది కాబట్టి ఇద్దరం ఊరుకున్నాం.

మరునాడు మధ్యాహ్నం అమ్మ పడుకున్నాక నాయనమ్మ వచ్చి కాటా ముందు నిలబడింది.

"చీమా, నన్నూ తూచవే. కోడలు ఒక్కతే తూగాలా?"

చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఎక్కింది. ముల్లు ముప్పై ఎనిమిది దగ్గర ఆగింది.

"ముప్పై ఎనిమిది," అన్నాను.

నాయనమ్మ బోసినోటితో నవ్వింది. "మొన్న మీ అమ్మతో వెళ్లినప్పుడు ఆసుపత్రిలో నలభై నాలుగన్నారు. మీ అమ్మ మంచాన పడితే నేను చిక్కిపోయాను. రేపు నలుగురిలో చెప్పుకోవచ్చు, కోడలి మీద బెంగ పెట్టుకుందని."

తను నవ్వుకుంటూ పెరట్లోకి వెళ్లిపోయింది. నేను అక్కడే కూర్చున్నాను. నాలుగు రోజుల్లో ఎవరైనా ఆరు కిలోలు తగ్గుతారా?

వంటింట్లోంచి రెండు లీటర్ల నీళ్ల సీసా తెచ్చి పీట మీద పెట్టాను. లీటరు నీళ్లు కిలో. అది నాకు బళ్లో నేర్పిన సంగతి. ముల్లు కదల్లేదు. ఇంకో సీసా పెట్టాను. నాలుగు కిలోలు. ముల్లు సున్నా మీదే ఉంది. వేలితో పీట తట్టాను. కాటా ఇప్పుడే పాడైందేమోనని ఆశగా కూడా అనిపించింది. మూడో సీసా పెట్టాను. ముల్లు కొద్దిగా వణికింది. ఇంకో గ్లాసు నీళ్లు పెట్టగానే సున్నా వదిలి పక్కకి జరిగింది.

అప్పుడు కళ్లు ముల్లుకి ఆనించి చూశాను. సున్నా పక్కన సన్నటి మేకు ఉంది. ముల్లు దానికి ఆనుకుని ఆగి ఉంది. అది సున్నా దగ్గర నిలబడలేదు. మేకు ఆపబట్టి అక్కడ ఉంది.

దుకాణంలో సామాను ఇనప బుట్టలో వేసి తూస్తారు. బుట్ట బరువు ఆరు కిలోలు. ప్రతిసారీ దాన్ని తీసివేసే బాధ లేకుండా, వెనకున్న మర తిప్పి నాన్న ముల్లుని ఆరు కిలోలు వెనక్కి జరిపి పెట్టుకున్నాడు. బుట్ట తీసినప్పుడు ముల్లు సున్నా కిందికి పోతే వచ్చినవాళ్లు అనుమానపడతారని ఆ మేకు కొట్టాడు. తూచేటప్పుడు బుట్ట ఎప్పుడూ కాటా మీదే ఉంటుంది కాబట్టి లెక్క ఎప్పుడూ సరిపోతుంది. కాటా లోపలికి తెచ్చినప్పుడు నాన్న బుట్ట దుకాణంలోనే వదిలేసి వచ్చాడు.

పది అంటే పదహారు. పదిహేను అంటే ఇరవై ఒకటి. ఇరవై అంటే ఇరవై ఆరు. రోజుకి మూడుసార్లు, ఒక్కోసారి ఇరవైసార్లు. "ఇంకొంచెం మోపమ్మా, ఇంకా ఒక కిలో ఉంది," అని చెప్పింది నేనే. నిన్న కలుక్కుమన్నది ఏమిటో నాకు తెలిసిపోయిందనుకున్నాను. మా ఇంటి గచ్చు బండల వైపు చూశాను. గుమ్మం దగ్గర ఒకటి కుంగి ఉంటుంది. దాని మీద అడుగేస్తే చప్పుడు చేస్తుంది.

నాన్నకి చెప్పాలని ముందుగదిలోకి వెళ్లాను. నాన్న నిచ్చెన మీద ఉన్నాడు. ఆ రోజు తర్వాత దాని మీద ఇంకెవ్వరినీ ఎక్కనివ్వడం లేదు. నన్ను చూడగానే చేతిలో ఉన్నది కింద పడేశాడు.

"ఏమ్మా? అమ్మకేమైనా అయిందా?"

ఆ ముఖం చూశాను. నిచ్చెన వదిలినందుకే మనిషి ఇలా అయిపోయాడు. కాటా కూడా నీదే అని చెబితే ఏమవుతాడు?

"ఏం లేదు నాన్నా," అన్నాను.

తిరిగి వచ్చి స్క్రూడ్రైవరుతో మేకు ఊడదీశాను. మర తిప్పి ముల్లుని సరిగ్గా సున్నా మీదికి తెచ్చాను. నీళ్ల సీసాలతో మూడుసార్లు సరిచూశాను. కాటా బాగుపడింది. అంతటితో ఊరుకుని మర్నాటినుంచి సరైన ఇరవై మోపించి ఉంటే బాగుండేది. కానీ లోపల ముక్క అప్పటికే సగం కుంగి ఉంటే? ఇంకొక్కసారి మోపితే పూర్తిగా కూలిపోతే? కదిలించకపోతే కనీసం ఉన్నచోట ఉంటుంది కదా అనుకున్నాను.

అమ్మ లేచాక చెప్పాను. "ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చిందమ్మా. చూపించుకునే రోజు దాకా బరువు మోపడం, వంచడం ఆపమన్నారు."

"నాకు చెప్పకుండా నీకు చెప్పారా?"

"నువ్వు పడుకున్నావు."

అమ్మ కర్రలు గోడకి ఆనించి హాయిగా వెనక్కి వాలింది. "పోనీలే. ఆ ఫిజియో పిల్ల నా ప్రాణం తీస్తోంది."

పన్నెండు రోజులు. తేలు కుట్టిన దొంగలా తిరిగాను. పుస్తకంలో మాత్రం రోజూ మూడు గళ్లు నింపాను. ఇరవై, ఇరవై, ఇరవై. వారం మారాక ఇరవై అయిదు. అక్షరాలు గుండ్రంగా, అందంగా వచ్చేవి. అబద్ధం రాస్తున్నప్పుడు నా చేతిరాత ఎందుకంత బాగుంటుందో అర్థమయ్యేది కాదు.

అమ్మ మంచం మీద పక్కకి తిరిగితే ఉలిక్కిపడేదాన్ని. మోకాలి కింద దిండు పెట్టి కాలు కదలకుండా చూసుకునేదాన్ని. మొదట్లో అమ్మకి అది సుఖంగానే ఉంది. ఆరో రోజు దిండు తీసి కాలు వంచబోతే రాలేదు.

"ఏమే, ఇది కాలా, దూలమా?"

"వాపు వల్లేమో."

"వాపెక్కడుంది? తొడ చూడు, నీ చెయ్యంత అయింది." అమ్మ నా వైపు తేరిపార చూసింది. "ఆ మేడమ్ నిజంగా ఆపమందా?"

"అందమ్మా."

"ఇంకోసారి ఫోన్ చేసి కనుక్కో."

"కనుక్కుంటాను," అన్నాను. పెరట్లోకి వెళ్లి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, ఎవరూ లేని ఫోన్‌కి కాసేపు ఊ కొట్టి వచ్చాను.

చూపించుకునే రోజు ఆటోలో అమ్మ కాలు వంగక సీటు మీద అడ్డంగా చాపుకుంది. నాన్న ముందు డ్రైవరు పక్కన కూర్చున్నాడు. నేను అమ్మ మడమ నా ఒళ్లో పెట్టుకున్నాను. రోడ్డు మీద ఆటో గుంటలో పడినప్పుడల్లా మడమ కాస్త పైకెత్తి పట్టుకునేదాన్ని.

ఎక్స్‌రే తీశారు. ఎముకల డాక్టరు దాన్ని వెలుతురు పలక మీద పెట్టి దగ్గరికి వెళ్లి చూశారు. వెనక్కి వచ్చి మళ్లీ చూశారు. నేను ఆయన వీపు వైపే చూస్తూ గోడకి అంటుకుపోయాను.

"ముక్క కదల్లేదు," అన్నారు. "ఎత్తు అలాగే ఉంది. అతుక్కుంటోంది."

గోడ వదిలి ఒక అడుగు ముందుకి వేశాను. కానీ ఆయన ఇంకా చూస్తున్నారు.

"ఎముక మాత్రం ఇంత పల్చగా కనిపించకూడదు. ఇక్కడ చూడండి, స్క్రూల చుట్టూ. బరువు మోపుతున్నారా అసలు?"

"మోపుతున్నారు సార్," అంది ఫిజియో మేడమ్ నా పుస్తకం తిరగేస్తూ. "ఇరవై అయిదు దాకా వచ్చారు." ఆమె అమ్మ కాలి పక్కన కోణమానిని లాంటి రెండు పుల్లల పరికరం పెట్టి, మడమ పట్టుకుని మెల్లగా వంచింది. అమ్మ అరిచింది. ఆమె పుల్లల వైపు చూసి, పుస్తకం వైపు చూసి, మళ్లీ పుల్లల వైపు చూసింది.

"క్రితంసారి ఎనభై అయిదు డిగ్రీలు వంగింది. ఇప్పుడు అరవై. ఇదేమిటండీ? రోజూ మూడుసార్లు చేస్తే ఇలా ఎందుకుంటుంది?"

"మీరే కదమ్మా ఆపమన్నారు," అంది అమ్మ.

"నేనా?"

గదిలో అందరూ నా వైపు తిరిగారు. పారిపోవాలంటే తలుపు దగ్గర నాన్న నిలబడి ఉన్నాడు.

"ఆవిడ ఆపమనలేదు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా, పెద్దగా వినపడింది. "నేనే ఆపాను. కాటా ఆరు కిలోలు తక్కువ చూపించింది. బుట్ట బరువు. అమ్మ ఇరవై ఆరు మోపేసింది. ముక్క కుంగిపోయిందని భయమేసింది. పుస్తకంలో రాసింది అబద్ధం."

నాన్న నోరు తెరిచాడు. "బుట్ట," అన్నాడు. మళ్లీ, "బుట్ట వదిలేసి వచ్చాను," అన్నాడు. గోడకి చెయ్యి ఆనించాడు.

డాక్టరు కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండుననిపించింది. కుర్చీ అమ్మ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.

"ఆ ఆరు కిలోలకి ఏం కాలేదు. అదృష్టం అనుకోండి. కదలకుండా ఉంచినందుకు మాత్రం కీలు బిగుసుకుపోయింది. మూడు వారాలు టైమిస్తాను. తొంభై దాకా వంగాలి. వంగకపోతే మత్తిచ్చి మేమే బలంగా వంచాలి. ఎముక గట్టిగా ఉంటే అందుకు భయపడేవాణ్ణి కాదు. ఇంత పల్చబడ్డ ఎముకని బలంగా వంచితే..." ఆయన రెండు పిడికిళ్లు కలిపి పుల్ల విరిచినట్టు కొద్దిగా తిప్పారు. శబ్దం రాలేదు. నాకు వినపడింది.

తిరుగు ప్రయాణంలో సగం దారిలో అమ్మ ఎవరివైపూ చూడకుండా అంది.

"నిచ్చెన వదిలిన ఆయన నోరు విప్పడు. కాటా చదివిన పిల్ల నోరు విప్పదు. ఇంట్లో మాట్లాడేది నా మోకాలు ఒక్కటే అయిపోయింది."

ముందు సీటులో నాన్న భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడని అర్థమైంది. డ్రైవరు పక్కకి చూసి హారన్ కొట్టాడు, దారిలో ఎవరూ లేకపోయినా.

ఆ సాయంత్రమే మొదలుపెట్టాం. అమ్మ బల్ల అంచున కూర్చుంది. నాన్న తొడ కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. పిక్క పట్టుకుని కిందికి, వెనక్కి నొక్కేది నేను.

"వాడే నొక్కుతాడేమో," అంది నాయనమ్మ గుమ్మంలోంచి. "పిల్ల చెయ్యి వణుకుతోంది."

"వణకనీ," అంది అమ్మ. "ఆపింది అదే కదా, వంచేదీ అదే."

నొక్కాను. లోపల తడి తోలు సాగినట్టు ఒక చప్పుడు. చెయ్యి తీసేశాను.

"తీయమని నేను చెప్పానా?"

"చప్పుడొచ్చిందమ్మా."

"రానీ. ముప్పై లెక్కపెట్టు. పైకి లెక్కపెట్టు."

అమ్మ తువ్వాలు నోట్లో కుక్కుకుంది. నేను లెక్కపెట్టాను. పద్దెనిమిది దగ్గర అమ్మ కళ్లలోంచి నీళ్లు కారాయి. నా చేతుల కింద ఎముక ఉంది, పల్చబడిన ఎముక. ఎంత నొక్కితే వంగుతుందో, ఎంత నొక్కితే విరుగుతుందో చూపించే ముల్లు దానికి లేదు. ఇరవై తొమ్మిది. ముప్పై. నాయనమ్మ చెవులు మూసుకుని పెరట్లోకి పోయింది. "ఇది చీమ కాదు, పోలీసు," అని అక్కడినుంచే అరిచింది.

రోజుకి మూడుసార్లు. మధ్యలో సరైన కాటా మీద సరైన బరువు. నా బడి కోణమానినితో కొలిస్తే మొదటి రోజు అరవై. మూడో రోజు అరవై రెండు. అయిదో రోజు మళ్లీ అరవై. ఆ రోజు నేను అన్నం తినలేకపోయాను. నాన్న నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

"నేను నొక్కనా అమ్మా?"

"వద్దు నాన్నా. నీ చేతులు ఇనుము విరిచే చేతులు."

నాన్న తన అరచేతులు చూసుకున్నాడు. "నిజమే," అన్నాడు. చాలా రోజుల తర్వాత కొంచెం నవ్వాడు. అంతలోనే, "విరగదు కదా?" అని నన్నే అడిగాడు.

పదో రోజుకి డెబ్బై నాలుగు. పద్దెనిమిదో రోజుకి ఎనభై మూడు. ఒక్కో డిగ్రీ దగ్గర అమ్మ నన్ను తిట్టిన తిట్లు రాస్తే ఇంకో పుస్తకం పడుతుంది. తిట్టినంతసేపూ నాకు ధైర్యంగా ఉండేది. ఆమె మౌనంగా ఉన్నప్పుడే చెయ్యి ఆగిపోయేది.

మూడు వారాలకి ఆసుపత్రికి వెళ్లాం. ఫిజియో మేడమ్ వంచింది. ఎనభై అయిదు. ఆమె తల అడ్డంగా ఊపింది. లోపలి గదిలో తెల్లటి దుప్పటి పరిచిన బల్ల కనపడుతోంది. మత్తు ఇచ్చే గది అదేనని ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

"కొత్త చెయ్యి తగిలితే తొడ బిగబడుతోంది," అంది అమ్మ. "మా పిల్లని నొక్కమనండి."

డాక్టరు నన్ను చూసి తలూపారు. నేను వెళ్లి పిక్క పట్టుకున్నాను. నా అరచేతులు చెమటతో జారుతున్నాయి. పావడాకి తుడుచుకుని మళ్లీ పట్టుకున్నాను. నాన్న పిలవకుండానే వచ్చి తొడ పట్టుకున్నాడు. నొక్కాను. చప్పుడొచ్చింది. డాక్టరు ముఖం మారింది. నేను ఆపలేదు. పైకి లెక్కపెట్టాను. ముప్పై దాకా లెక్కపెట్టాను.

ఫిజియో మేడమ్ వంగి పుల్లలతో కొలిచింది. ఇంకోసారి కొలిచింది.

"ఎనభై తొమ్మిది సార్."

డాక్టరు ఆ రోజు తీసిన ఎక్స్‌రే అందుకుని కిటికీ వెలుగులో చాలాసేపు చూశారు. స్క్రూల చుట్టూ ఎముక కొంచెం చిక్కబడిందా అని నేనూ ఇక్కడినుంచే చూడడానికి ప్రయత్నించాను. నాకేమీ తెలియలేదు.

"ఒక్క డిగ్రీ కోసం మత్తివ్వను," అన్నారు చివరికి. "ఇంటికి వెళ్లి ఇదే పని చెయ్యండి. ఒక్కరోజు కూడా ఆపొద్దు."

బయట ఆసుపత్రి మెట్లు అయిదున్నాయి. వచ్చేటప్పుడు అమ్మని కుర్చీలో ఎత్తుకొచ్చారు. ఇప్పుడు కర్రలు ముందు పెట్టి, ఎడమపాదం మొదటి మెట్టు కిందికి దించింది. అమ్మ పడితే పట్టుకోవచ్చని నేను ఆమెకి ఎదురుగా ఒక మెట్టు కింద వెనక్కి నడుస్తున్నాను.

"పక్కకి తప్పుకోవే," అంది అమ్మ. "నువ్వు పడితే నేను పట్టుకోలేను."

నేను పక్కకి తప్పుకున్నాను. అమ్మ పాదం మెట్టు మీద ఆనింది. మోకాలు వంగింది, వణికింది, ఆగింది. నేను రెండో మెట్టు వైపు చూశాను.